ఊదారంగు లైటు

"చేతులు పెట్టండి," అంది పైడమ్మ.

ముసలాయన రెండు చేతులూ బల్ల మీద బోర్లా పెట్టాడు. పైడమ్మ లైటు మీట నొక్కింది. ఇటుకంత బూడిదరంగు పెట్టె అది. పైన పిడి, అడుగున చిన్న గొట్టం. తీగ లేదు, లోపల నాలుగు లావుపాటి బ్యాటరీలు. గొట్టం ఊదారంగులో వెలిగింది. దాన్ని ముసలాయన వేళ్ల మీదుగా మణికట్ల దాకా జరిపింది. చేతులు వెల్లకిలా తిప్పమని సైగ చేసి మళ్లీ జరిపింది. ఏమీ మెరవలేదు. మీట ఆపేసింది. బ్యాటరీలు ఊరికే అయిపోకూడదని ప్రతి మనిషికీ వెలిగించి ఆర్పుతోంది.

"వెళ్లండి తాతా."

తాత పక్క బల్లకి జరిగాడు. అక్కడ ట్రిషా అనే కాలేజీ అమ్మాయి చిన్న సీసాతో అతని చేతుల మీద మందు చల్లింది. చూడ్డానికి నీళ్లే. ఆరిపోతే కంటికి కనబడదు, కడిగితే పోదు. ఓటు వేసినవాళ్లు మళ్లీ వస్తే ఊదా లైటు కింద ఆ మందు నీలంగా మెరుస్తుంది. ఇన్నాళ్లూ తెల్లవాళ్లే ఏలిన దేశంలో అన్ని రంగులవాళ్లూ కలిసి ఓటు వేయడం ఇదే మొదలు. ఓటర్ల జాబితా అంటూ లేదు. మనిషి చేతిలో ఐడీ పుస్తకం, పైడమ్మ చేతిలో లైటు, అంతే.

ఫీనిక్స్ అనే ఇండియన్ల పేటలో ఆ ప్రైమరీ బడి హాలుకి మంగళవారం ముసలివాళ్లూ జబ్బుపడినవాళ్లూ మాత్రమే రావాలి. తక్కినవాళ్లకి బుధవారం, గురువారం. బడి ఉప ప్రధానోపాధ్యాయుడు హెరాల్డ్ అక్కడ పెద్ద అధికారి. ఎవరెవరు ఏ బల్ల దగ్గర కూర్చోవాలో చెప్పిన రోజున, "ఆంటీ, మీరు ఫ్యాక్టరీలో చొక్కాలు చూస్తారు కదా. ఇక్కడ చేతులు చూడండి," అని లైటు ఆమెకి ఇచ్చాడు. చొక్కాల ఫ్యాక్టరీలో పైడమ్మది చెకింగ్ బల్ల. కాలరు కింద దారం పోగు, జేబు మీద నూనె చుక్క ఆమె కన్ను దాటి పోవు. ఎలక్షన్ పనికి కూడా ఫ్యాక్టరీ ఏప్రన్ కట్టుకునే వచ్చింది. దాని జేబులో ఎప్పటిలాగే తడిపి పిండిన గుడ్డముక్క ఉంది. మచ్చ కనిపిస్తే ముందు దానితో తుడవాలి. పోతే దుమ్ము. పోకపోతే మరక, ఆ చొక్కా పక్కన పడుతుంది.

కిటికీ దగ్గర కుర్చీలో ఒక పార్టీ ఏజెంటు రెజీ కూర్చున్నాడు. ఒళ్లో ట్రాన్సిస్టర్ రేడియో, చేతిలో పెన్సిలు, నోటు పుస్తకం. రేడియో మాట సన్నగా వినిపిస్తూనే ఉంది. కళ్లు మాత్రం లైటు మీదే.

పదిన్నరకి వీధంతా అవ్వ అని పిలిచే గంగమ్మ వచ్చింది. నడుము వంగిపోయింది. ఉతికి గంజిపెట్టిన తెల్ల చీర కట్టుకుంది. వెంట వచ్చినవాళ్లు ఎవరో ఆమె చేతికర్ర, సంచీ పట్టుకుని తలుపు దగ్గర ఆగిపోయారు. పైడమ్మ అటు చూడలేదు.

"ఏటే పైడీ, కుర్సీ ఎక్కీసినావు."

"చేతులు పెట్టు అవ్వా."

అవ్వ చేతులు పెట్టింది. లైటు వెలగగానే అరచేతులూ గోళ్లూ నిమ్మపండు రంగులో భగ్గుమన్నాయి. ట్రిషా చల్లబోయిన సీసా గాల్లోనే ఆగిపోయింది. రెజీ రేడియో గొంతు తగ్గించాడు.

"ఓరినాయనో, మంటేటి నా సేతికి?" అంది అవ్వ.

పైడమ్మ వంగి వాసన చూసింది. "పసుపు పట్టుకున్నావా?"

"గడపకి రాసినాను. మొదటిపాలి ఓటుకి బయలెల్తా గడపకి పసుపు రాయకుండా పోతానేటి?"

పైడమ్మ జేబులోంచి తడిగుడ్డ తీసి అవ్వ చేతులు ఒక్కొక్క వేలే తుడిచింది. గుడ్డ పచ్చగా అయింది. మళ్లీ లైటు పెడితే మెరుపు సగానికి సగం తగ్గింది. ఆమె గుడ్డని రెజీ వైపు చాపింది. "చూడండి. పసుపు. కూరలో వేసే పసుపే. మందు నీలంగా ఉంటుంది, ఇది పచ్చగా ఉంది."

రెజీ లేచి వచ్చి గుడ్డ చూశాడు. వాసన కూడా చూశాడు. "మీకేమవుతారు ఈవిడ?"

"మా వీధి అవ్వ."

"మీ వీధి కాకపోతే తుడిచేవారా ఆంటీ?"

"మెరిస్తే పంపేయాలని చెప్పారు, వేలు వేలూ తోమమని కాదు," అని లైన్లో ఎవరో నవ్వారు.

హెరాల్డ్ వచ్చాడు. సంగతి విని, గుడ్డ చూసి, అవ్వని వెళ్లనిచ్చాడు. అవ్వ ఓటు గుర్తు పెట్టే అట్ట తెర వెనక చాలాసేపు ఉండి, మడత కాగితం పెట్టెలో వేసి, పెట్టెకి దణ్ణం పెట్టి వెళ్లింది. అప్పుడు హెరాల్డ్ పైడమ్మ బల్ల మీద చెయ్యి ఆనించి మెల్లగా అన్నాడు. "ఆంటీ, రేపు వేలమంది వస్తారు. ఒకరికి తుడిచి ఒకరికి తుడవకపోతే ఆ రెజీ మనల్ని బతకనివ్వడు. రేపటి నుంచి గుడ్డ లేదు. మెరిసిందా, బయటికి. ఎవరైనా సరే."

"సరే సార్," అంది పైడమ్మ.

బుధవారం తెల్లవారేసరికి లైను బడి గేటు దాటి, బస్టాపు దాటి, కొట్ల దాకా సాగిపోయింది. గేటు దగ్గర ఇద్దరు సైనికులు నిలబడ్డారు. పైన హెలికాప్టరు రెండుసార్లు తిరిగి పోయింది. ఇన్నాళ్లూ గొడవలు వస్తాయని జనం చేపల డబ్బాలూ కొవ్వొత్తులూ కొని అలమరాల్లో దాచుకున్నారు. ఇప్పుడు అందరూ ఒకే లైన్లో, ఒకరి వీపు ఒకరికి తగిలేటట్టు నిలబడ్డారు. ఎవరూ పెద్దగా మాట్లాడుకోవడం లేదు. బస్సుల్లో మనుషుల్ని ఎక్కించి ఒక బడిలో ఓటు వేయించి ఇంకో బడికి తీసుకెళ్తున్నారని పొద్దున టీ దగ్గర ట్రిషా చెప్పింది. ఆమెకి ఎవరో చెప్పారట. రెజీ కూడా అదే అన్నాడు, అయితే అతను చెప్పిన బస్సులు వేరే పార్టీవి.

పైడమ్మ ముఖాలు చూడటం మానేసింది. మొదటి గంటలో చూసింది గానీ ముఖాలు చూస్తే పని సాగడం లేదు. చేతులు వచ్చాయి. సిమెంటు పట్టిన చేతులు, గోరింట పెట్టుకున్న చేతులు, ఒక వేలు లేని చెయ్యి, వణికే చేతులు. అందరూ అబద్ధమే ఆడతారన్నట్టు చూసింది వాటిని. వేళ్ల సందులు చూసింది, గోళ్ల కింద చూసింది. వెలిగించడం, జరపడం, తిప్పించడం, ఆర్పడం. పదకొండింటికి బ్యాటరీలు మార్చారు.

పన్నెండు దాటాక వచ్చిన చేతులు ఉబ్బి ఉన్నాయి. గోళ్ల చుట్టూ చర్మం తెల్లగా పగిలి ఉంది. ఎడమ మణికట్టు మీద త్రికోణంలా కాలిన మచ్చ. లైటు వెలిగింది. పగుళ్లన్నీ నీలంగా మెరిశాయి. గీత గీతా, గోరు గోరూ.

రెండు రోజుల్లో మొదటిసారి కనిపించింది ఆ నీలం.

"మీరు ఓటు వేసేశారు."

"లేదు," అంది ఆ మనిషి. నలభై దాటిన నల్లజాతి జూలూ మనిషి, తలకి ఎర్ర గుడ్డ కట్టుకుంది. "తెల్లారి నాలుగింటికి వచ్చా. లైన్లోనే ఉన్నా."

"లైటు చెబుతోంది."

"లైటు ఏం చెబుతుంది? నేను చెబుతున్నా." ఆమె పైడమ్మ ఏప్రన్ జేబు వైపు చూసింది. "గుడ్డ ఉంది కదా నీ దగ్గర. నిన్న అవ్వకి తుడిచావు."

పైడమ్మ చెయ్యి జేబు దాకా వెళ్లింది. కిటికీ దగ్గర రెజీ పెన్సిలు పైకి ఎత్తి ఆగాడు. అతను చూస్తున్నది మెరిసిన చేతులని కాదు, ఆమె జేబుని. హెరాల్డ్ తలుపు దగ్గర నుంచి ఇటు నడిచి వస్తున్నాడు. నిన్నటి సంగతి ఈ మనిషికి ఎలా తెలుసు? ముందురోజే ఎక్కడో నిలబడి అంతా చూసుకుని, ఏమనాలో అనుకుని మరీ వచ్చిందన్నమాట. పైడమ్మకి ఒళ్లు మండింది. చెయ్యి జేబులోంచి వెనక్కి తీసుకుంది.

"నిన్నటి రంగు వేరు. వెనకాల జనం ఉన్నారు, వెళ్లండి."

"తుడిచి చూడు."

"వెళ్లండి."

ఆ మనిషి చేతులు తీయలేదు. లైటు ఆర్పేసినా అవి బల్ల మీదే ఉన్నాయి. హెరాల్డ్ సైగ చేస్తే గేటు దగ్గర సైనికుడు వచ్చి ఆమె మోచేతి పక్కన నిలబడ్డాడు, ముట్టుకోలేదు. అప్పుడు ఆమె చేతులు తీసి భుజాల మీది శాలువాలో చుట్టుకుని, వచ్చిన దారినే, అదే లైను పక్క నుంచి నడిచింది. లైన్లో ఆడవాళ్లు జూలూలో ఏదో అనుకున్నారు. ఒకావిడ వెనక్కి జరిగింది, తనకి తగలకుండా.

"బాగా పట్టారు ఆంటీ," అన్నాడు హెరాల్డ్.

ఆ పూటంతా పైడమ్మకి నడుము నొప్పి తెలియలేదు.

ఇంటికి వెళ్లాక తెల్ల జాకెట్టూ ఏప్రనూ బకెట్లో నానేసి, బట్టల పొడి గుప్పెడు వేసి, నురగ వచ్చేదాకా రుద్ది ఆరేసింది. మర్నాటికి అవే కావాలి.

గురువారం పొద్దున తలుపులు తీయకముందు లైటు పరీక్ష ఉంటుంది. ఓటు వేసినవాళ్ల చెయ్యి ఒకటి మెరవాలి, వేయనివాళ్ల చెయ్యి ఒకటి మెరవకూడదు. ట్రిషా బుధవారం మధ్యాహ్నం ఓటు వేసింది. పైడమ్మ ఇంకా వేయలేదు. లైటు వదిలి వెళ్లడం కుదరక, అందరి తర్వాత వేస్తానని చెప్పింది.

ట్రిషా చెయ్యి నీలంగా మెరిసింది.

పైడమ్మ లైటుని కుడిచేతిలోకి మార్చుకుని ఎడమచేతి మీద పెట్టింది. గోళ్ల చుట్టూ, బొటనవేలి పగులులో, అరచేతి గీతల్లో నీలం. నిన్నటి నీలమే.

"ఆంటీ?" అంది ట్రిషా.

పైడమ్మ మీట ఆపేసింది. తర్వాత మళ్లీ వెలిగించింది. ఇంకో చెయ్యి చూసుకుంది. అదీ అంతే.

రెజీ కుర్చీలోంచి లేచి వచ్చాడు. తీరిగ్గా వచ్చాడు. "అందరి తర్వాత వేస్తానన్నారు. ఎప్పుడు వేశారు ఆంటీ? ఎక్కడ వేశారు?"

"వేయలేదు."

"లైటు చెబుతోంది కదా."

నిన్న తను అన్న మాటే అది. అలాగే, అంతే మెల్లగా అన్నాడు. పైడమ్మ లైటుని బల్ల మీద పెట్టి, హాలు వెనక కుళాయి దగ్గరికి నడిచింది. రెజీ వెంట వచ్చాడు, ఆమెని ఒంటరిగా వదలడం ఇష్టం లేనట్టు. కుళాయి గట్టున బడి ఆయా వాడే పచ్చ సబ్బు బిళ్ల ఉంది. పైడమ్మ చేతులు తడిపి సబ్బు రాసి, ఏప్రన్ జేబులో గుడ్డతో గోళ్ల చుట్టూ రుద్దింది. నాలుగుసార్లు కడిగింది. తిరిగి వచ్చి లైటు పెట్టింది. చేతులు ఊదా వెలుగులో మామూలుగా, మట్టిరంగులో ఉన్నాయి. ట్రిషా తన చెయ్యి కూడా కడుక్కుని వచ్చి పక్కన పెట్టింది. అది ఇంకా నీలంగానే ఉంది.

"బట్టల పొడి," అంది పైడమ్మ. "రాత్రి బట్టలు ఉతికాను. తెలుపు రావడానికి అందులో ఏదో కలుపుతారు."

"కావచ్చు," అన్నాడు రెజీ. నోటు పుస్తకంలో ఏదో రాసుకుంటూ వెళ్లి కూర్చున్నాడు. ఏం రాశాడో చూపించలేదు.

పైడమ్మ తడిచేతులతో అలాగే నిలబడింది. నిన్నటి ఆ మనిషి చేతులు కళ్ల ముందుకొచ్చాయి. ఉబ్బిన వేళ్లు. తెల్లగా పగిలిన చర్మం. రోజూ నీళ్లలో నానితేనే అలా అవుతాయి. ఇస్త్రీపెట్టె అంచు తగిలితేనే త్రికోణం మచ్చ పడుతుంది. చూస్తూనే చూడలేదు తను.

హెరాల్డ్‌కి చెప్పింది. అతను వింటూ తలుపు గొళ్లెం తీసి మళ్లీ వేశాడు.

"ఆమె పేరేంటి?"

"తెలీదు సార్."

"రాసుకోలేదు మనం. పంపేసినవాళ్ల పేర్లు రాయమని ఎవరూ చెప్పలేదు." అతను గొంతు తగ్గించాడు. "ఆంటీ, లైటు తప్పు చెప్పిందని ఇప్పుడు మనం నోరు విప్పామనుకో, నిన్న వెళ్లిన రెండువేల మంది సంగతేంటి అంటాడు ఆ రెజీ. పెట్టెలే లెక్కపెట్టొద్దంటాడు. మీరు ముందే వేసేశారు అని కూడా అంటాడు, ఇందాక అన్నాడు కదా. ఒక్క మనిషి కోసం ఇంతమందివి పాడు చేస్తామా?"

పైడమ్మ, "ఇవాళ మెరిస్తే కడిగి చూడొచ్చా?" అంది.

హెరాల్డ్ గేటు వైపు చూశాడు. "కడగండి. అందరికీ కడగండి. చప్పుడు చేయకండి."

ఆయా ఒక గిన్నెతో నీళ్లూ, పచ్చ సబ్బూ తెచ్చి బల్ల పక్కన పెట్టింది. ఆ పొద్దున ముగ్గురి చేతులు మెరిశాయి. ముగ్గురూ పనిమనుషులే. ముగ్గురివీ కడిగితే పోయాయి. మూడోసారి రెజీ లేచి రాలేదు.

ఒంటిగంటకి పైడమ్మ లైటు ట్రిషాకి ఇచ్చి అరగంట అడిగింది. అవ్వ ఇల్లు బడి వెనక వీధిలోనే. నిన్న ఆ మనిషి అవ్వ అంది. అవ్వ అన్న మాట ఈ వీధివాళ్లు తప్ప ఎవరంటారు?

అవ్వ ముందుగదిలో మంచం మీద కూర్చుని ఉంది. "నీ లైటు ఆరిపోయిందేటే?" అంది.

"అవ్వా, నీకు బట్టలెవరు ఉతుకుతారు?"

"మా పిల్ల, ఐరిసు. ఇంకెవులు?"

"మంగళవారం నీతో వచ్చింది ఆవిడేనా?"

"మరి? కర్ర పట్టుకుని తలుపుకాడ నిలబడింది కాదేటి. నీ కళ్లు అంత మంచివన్నారు." అవ్వ వంటింటి వైపు చూసి గొంతు తగ్గించింది. "నిన్నటి నుంచి పిల్లకి ఏటో అయింది. పొడి నీళ్లలో సెయ్యి పెట్టనంది. తొట్టిలో బట్టలు పులిసిపోతన్నాయి. నాను తిట్టినా వింటల్లేదు."

పెరట్లో సిమెంటు తొట్టి నిండా బట్టలు నానుతున్నాయి. నురగ చచ్చిపోయి నీళ్లు బూడిదరంగుకి తిరిగాయి. దాని పక్కన బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఐరిస్ చేటలో పప్పు ఏరుతోంది. తలకి అదే ఎర్ర గుడ్డ. అవ్వ పిల్ల అంటుంది గానీ చెవుల పక్కన వెంట్రుకలు నెరిశాయి.

పైడమ్మని చూసి ఆమె లేవలేదు. రాయి ఒకటి తీసి పక్కన వేసింది.

"ఎవరు పంపారు? రేడియో ఆయనా?"

"ఎవరూ పంపలేదు. నేనే వచ్చాను."

"పోలీసు ఉందా బయట?"

"లేదు." పైడమ్మ చేతులు చాపింది. ఏం చూపించాలనుకుందో ఆమెకే తెలియలేదు, లైటు లేకుండా చేతులు చేతుల్లాగే ఉన్నాయి. "పొద్దున నావి కూడా మెరిశాయి. బట్టల పొడి. నేను ఓటు వేయలేదు. అయినా మెరిశాయి."

"నిన్ను పంపేశారా?"

"లేదు."

"ఆ." ఐరిస్ పప్పు చెరిగింది. "నీకు కుర్చీ ఉంది."

పైడమ్మ తొట్టి అంచు పట్టుకుని నిలబడింది.

"నిన్న చెప్పా నీకు," అంది ఐరిస్. "తుడువు అని చెప్పా. అవ్వ పసుపుకి గుడ్డ ఉంది. నాకు సోల్జర్." ఇంగ్లీషు మధ్య పసుపు అన్న మాట మాత్రం అవ్వ అన్నట్టే తెలుగులో అంది. "మా లైన్లో వాళ్లు చూశారు. పక్కింటివాళ్లు. ఐరిస్ రెండు ఓట్లు దొంగిలించడానికి పోయింది అంటున్నారు. ఎవరి కోసం దొంగిలించింది అని అడుగుతున్నారు. మా వైపు ఆ మాట మంచిది కాదు. అవతలి పార్టీ అన్న అనుమానానికే మనుషుల ఇళ్లు కాలాయి."

"పచ్చ సబ్బుతో కడిగి రా. ఇవాళే ఆఖరు. ఏడింటికి మూసేస్తారు."

"కడిగా. నిన్న కడిగా, పొద్దున కడిగా. రెండు రోజులు పొడి ముట్టుకోను అనుకున్నా. అందుకే ఇది." చేటని కొంచెం ఎత్తి చూపించింది. "ఓటుకి పోవడానికి కాదు. నాకోసం."

"రా," అంది పైడమ్మ.

ఐరిస్ ఇంకో రాయి తీసింది. లోపలి నుంచి అవ్వ గొంతు వచ్చింది. "పైడీ, ఆ పిల్లకి సెప్పి ఆ బట్టలు జాడించమను. కంపు కొడతన్నాయి."

పైడమ్మ తొట్టిలోకి చూసింది. తర్వాత జాకెట్టు చేతులు మోచేతుల పైకి మడిచి, ఏప్రను వెనక్కి తిప్పుకుని, తొట్టిలో చేతులు పెట్టింది. పైన ఉన్న దుప్పటి తీసి రాతి మీద వేసి రుద్దింది. చీరలు రెండు, జాకెట్లు, తువ్వాళ్లు. రుద్ది, జాడించి, పిండి, తీగ మీద వేసింది. పొడి నీళ్లు మోచేతుల నుంచి కారాయి. ఐరిస్ పప్పు ఏరడం ఆపేసి చూస్తూ కూర్చుంది. సాయానికి లేవలేదు, వద్దని కూడా అనలేదు. తువ్వాలు ఒకటి వంకరగా ఆరేస్తే మాత్రం, "అంచు కలుపు," అంది. పైడమ్మ అంచు కలిపింది.

బడికి తిరిగి వచ్చేసరికి అరగంట కాదు, గంట దాటింది. హెరాల్డ్ గడియారం వైపు చూశాడు గానీ అడగలేదు.

అయిదున్నరకి లైటు నీరసపడింది. గొట్టం చివరలు నల్లబడి, మధ్యలో మాత్రం సన్నటి ఊదా గీత మిగిలింది. తెచ్చిన బ్యాటరీలన్నీ అయిపోయాయి. కొత్తవి పంపమని హెరాల్డ్ రెండుసార్లు ఫోన్ చేశాడు, ఎవరూ ఎత్తలేదు. "ఇంకో యాభై మంది. దీంతోనే కానివ్వండి," అన్నాడు. పైడమ్మ చేతుల మీదికి బాగా దించి చూస్తోంది. ట్రిషా చెయ్యి పెట్టి చూస్తే నీలం ఉందీ లేనట్టుగా కనిపించింది.

ఆరున్నరకి లైను చివర ఎర్ర గుడ్డ కనిపించింది. పైడమ్మ ఈసారి ముఖం చూసింది. ఐరిస్ ఎవరితోనూ మాట్లాడటం లేదు. ముందు నిలబడిన ఇద్దరు ఆడవాళ్లు వెనక్కి తిరిగి తిరిగి చూస్తున్నారు. ఆమె కూడా వాళ్లని చూస్తోంది.

ఆమె వంతు వచ్చింది. ఐడీ పుస్తకం బల్ల మీద పెట్టి, చేతులు పెట్టింది. పుస్తకంలో అసలు పేరు ఫికిలె, ఐరిస్ పిలుపు పేరే. పైడమ్మ లైటు పెట్టింది. ఏమీ కనిపించలేదు. ఆ వెలుగులో ఎవరి చేతులైనా అలాగే కనిపిస్తాయి. ఆమెకి అది తెలుసు, ట్రిషాకీ తెలుసు. ఇంత తేలిగ్గా అయిపోతుందనుకోలేదు పైడమ్మ. ప్రాణం కుదుటపడింది.

"వెళ్లండి."

ఐరిస్ కదలలేదు. "ఈ లైటు చచ్చిపోయింది."

"ఏం మెరవలేదు. వెళ్లండి."

"చచ్చిన లైటు ఎవరినైనా వెళ్లమంటుంది." ఆమె గొంతు పెంచలేదు. కాని హాలంతా విన్నది. "నిన్న మంచి లైటులో దొంగ అన్నారు. మంచి లైటులోనే చూడు. నేను ఆగుతా."

"బ్యాటరీలు లేవమ్మా," అన్నాడు హెరాల్డ్. "ఇరవై నిమిషాలే ఉంది. మిమ్మల్ని వెళ్లమంటున్నారు కదా, ఇంకేం కావాలి?"

ఐరిస్ చేతులు బల్ల మీదే ఉంచింది. వెనక నిలబడిన అయిదారుగురు సణిగారు. ముందు ఓటు వేసేసిన ఆ ఇద్దరు ఆడవాళ్లు తలుపు దగ్గరే ఆగిపోయారు.

పైడమ్మ కిటికీ వైపు చూసింది. రేడియో సన్నగా మాట్లాడుతోంది. ఎవరో ఎక్కడి నుంచో లైన్లు ఎంత పొడుగున్నాయో చెబుతున్నారు.

"రెజీ. అందులో ఎన్ని బ్యాటరీలు?"

అతను రేడియోని ఒళ్లోకి లాక్కున్నాడు. "నాలుగు."

"లావువేనా?"

"ఆంటీ, నేను ఏజెంటుని. మీ లైటుకి నేను బ్యాటరీలు ఇస్తే రేపు ఏమంటారు?"

"మరి మీరే చూడండి, మీ బ్యాటరీల వెలుగులో," అంది పైడమ్మ.

అతను ఐరిస్‌ని చూశాడు, ఆమె చేతుల్ని చూశాడు. "మెరిస్తే ఇద్దరి పేర్లూ రాస్తాను," అన్నాడు. రేడియో వెనక మూత తీశాడు. మాట్లాడుతున్న గొంతు మాట మధ్యలో తెగిపోయింది. నాలుగు బ్యాటరీలు బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

పైడమ్మ పాతవి తీసి అవి వేసింది. మీట నొక్కితే ఊదా వెలుగు బల్లంతా పరుచుకుంది. ట్రిషా చెయ్యి దూరం నుంచే నీలంగా మెరిసింది. ఐరిస్ చేతులు మెరవలేదు. గోళ్ల చుట్టూ పగుళ్లు నల్లటి దారాల్లా కనిపించాయి, కాలిన మచ్చ కనిపించింది, అంతే. పైడమ్మ వేళ్ల సందులు చూసింది. ఐరిస్ అడక్కుండానే చేతులు తిప్పింది, మళ్లీ తిప్పింది. తర్వాత చేతులు ఎత్తి, తలుపు దగ్గర ఆడవాళ్లకి కనబడేటట్టు పట్టుకుంది. పైడమ్మ లైటు ఎత్తి ఆ చేతుల మీద పెట్టింది. ఆడవాళ్లలో ఒకావిడ తల దించుకుంది.

రెజీ ఏమీ రాయలేదు.

ట్రిషా మందు చల్లింది. ఐరిస్ కాగితం తీసుకుని అట్ట తెర వెనక్కి వెళ్లింది. వచ్చి, మడత పెట్టిన కాగితం పెట్టెలో వేసి, అది లోపల పడిందో లేదో వంగి చూసింది. ఆమె వెనక మిగిలినవాళ్లు కూడా అయిపోయారు. గేటు మూసేశారు. హెరాల్డ్ గడియారం చూసి, "ఆంటీ, మీది మిగిలింది," అన్నాడు.

పైడమ్మ లైటు చేత్తో పట్టుకుని అలాగే కూర్చుంది. తన చేతులు ఎవరు చూడాలో ఎవరూ చెప్పలేదు. ట్రిషా దగ్గర సీసా ఉంది. హెరాల్డ్ కాగితాల దగ్గర ఉన్నాడు.

తలుపు దాకా వెళ్లిన ఐరిస్ వెనక్కి వచ్చింది. చెయ్యి చాపింది. పైడమ్మ లైటు ఇచ్చింది.

"చేతులు పెట్టు," అంది ఐరిస్.

పెట్టింది. వెలుగు పడగానే గోళ్ల చుట్టూ, బొటనవేలి పగులులో, మణికట్ల దాకా నీలం. అవ్వ తొట్టిలోని నీలం. అక్కడున్న నలుగురూ చూశారు. రెజీ పెన్సిలు అతని చెవి మీదే ఉండిపోయింది. ఐరిస్ తొందరపడలేదు. వేలు వేలూ చూసింది. గోళ్ల కింద చూసింది. వెల్లకిలా తిప్పించి మళ్లీ చూసింది.

ఐరిస్ లైటుని బల్ల మీద పెట్టి, పైడమ్మ ఏప్రన్ జేబులోంచి గుడ్డ తీసింది. గిన్నెలో నీళ్లలో ముంచి, పచ్చ సబ్బు రాసి, ఆమె చేతులు ఒక్కొక్క వేలే తుడిచింది, బట్టకి అంటిన మరక తుడిచినట్టు, గట్టిగా. గుడ్డ పిండి ఇంకోసారి తుడిచింది. లైటు తీసి వెలిగించి చూసింది. బొటనవేలి పగులులో ఇంకా కొంచెం ఉంది. మళ్లీ తుడిచింది.

"ఇప్పుడు పో," అని లైటు ఆర్పేసింది.